మన గోదావరి ఇసుక చేరిన దీవి



బొగ్గు గనుల ప్రాంతములో కాపురముండే మాకు ఇసుక కొత్త వస్తువు కాదు. ఊరికి దక్షిణాన గోదావరి ఉన్నది. ఇండ్లకు, మందిరములకు, బడులకు ఇసుక అక్కడినుండే వస్తుంది. గనులకు కూడా ఆ ఇసుకే కావాలి. భూమి లోపల బొగ్గు తీసిన చోట ఖాళీ మిగులుతుంది. దానిని అలాగే విడిచిపెడితే పైకప్పు కూలుతుంది, పైనున్న నేల కుంగుతుంది. అందుచేత ఇసుకను నీళ్ళతో కలిపి, గొట్టముల గుండా లోపలికి పంపి, ఆ ఖాళీని నింపుతారు. నీరు వడిసి పంపుల ద్వారా పైకి వస్తుంది, ఇసుక అక్కడనే గట్టిపడి నిలుస్తుంది. మావారు దీనిని స్టోయింగ్ అంటారు.

మా సంఘములో ఒక పెద్దయ్య ఈ స్టోయింగ్ పనిలోనే ముప్పయి ఏండ్లు గడిపి రిటైరయ్యారు. సండే స్కూలు పిల్లలకు సముద్రము చూపించాలని మేము అనుకుంటున్నామని తెలిసి, ఒక సాయంకాలము మా ఇంటికి వచ్చారు. "అయ్యగారూ, నన్ను గూడ తోల్కపోండ్రి. గోదారి ఏడికి పోతదో, ఇసుకను ఏడ పెడ్తదో ఒక్కసారి సూడాలె. ముప్పయేండ్లు దాని ఇసుకతోనే బతికిన" అన్నారు. ఆ మాటతోనే మా ప్రయాణమునకు గమ్యము కుదిరింది. కాకినాడకు ఎదురుగా సముద్రములో ఉన్న హోప్ ఐలాండ్ అనే ఇసుక దీవికి వెళ్ళాలని నిశ్చయించుకున్నాము.

సంక్రాంతి సెలవులలో పిల్లలు, పెద్దలు కలిసి ఇరవై ఏడుగురము మంచిర్యాలలో రైలు ఎక్కాము. మాతో ట్రాక్టరు నడుపుకునే ఒక తమ్ముడు కూడా వచ్చాడు. మా మందిరమునకు వరండా కట్టుకొనుటకు పన్నెండు ట్రాక్టర్ల ఇసుక కానుకగా ఇస్తానని చెప్పి, అప్పటికే ఆరు ట్రాక్టర్లు తెచ్చిపోశాడు. దీవికి వెళ్ళే బోటు కిరాయి కూడా తానే పెట్టుకుంటానన్నాడు. సంఘమంతా సంతోషించింది. మేమూ సంతోషించాము.

విజయవాడలో రైలు మారి, తెల్లవారక ముందే రాజమండ్రి వంతెన దాటాము. పిల్లలు నిద్రలో ఉన్నారు. పెద్దయ్య మాత్రము కిటికీ దగ్గర మేలుకొని కూర్చున్నారు. చీకటిలో దీపముల నీడలు పడుతున్న ఆ నీటి వెడల్పును చూచి, "ఇది మన గోదారేనా?" అని రెండుసార్లు అడిగారు. అవును, అదే నది. నాసిక్ దగ్గర త్ర్యంబకము కొండలలో పుట్టి, 1465 కిలోమీటర్లు ప్రవహించే నది. మా ఊరు దాటిన తరువాత ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వచ్చి కలిసి దానిని ఇంత పెద్దదిగా చేస్తాయి. రాజమండ్రి దిగువన ధవళేశ్వరము ఉన్నది. అక్కడ ఆర్థర్ కాటన్ దొర 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టగా 1852 నాటికి పూర్తయినది. డెల్టా పొలములకు నీరిచ్చింది ఆ ఆనకట్టే. అక్కడినుండి నది గౌతమి, వశిష్ఠ అను పాయలుగా చీలి సముద్రమునకు వెళ్తుంది.

సామర్లకోటలో దిగి కాకినాడ చేరాము. ఎరిగిన సంఘమువారు తమ బడి గదులలో బస ఇచ్చారు. మొదటి దినము కోరంగి చూచాము.

కోరంగి కాకినాడకు దక్షిణాన, యానాం వెళ్ళే దారిలో ఉన్నది. ఇక్కడి మడ అడవులను, ఇసుక తీరమును కలిపి 1978లో అభయారణ్యముగా ప్రకటించారు. దీని విస్తీర్ణము దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. మన గోదావరి మీదనే ఉన్న పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనమైనవి. కోరంగి అభయారణ్యముగానే ఉన్నది. అడవిలోనికి చెక్కలతో వేసిన కాలిబాట మీద నడిచి వెళ్ళాము. రెండు వైపుల తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్లు. బురదలోనుండి వేలకొద్దీ వేళ్ళు సీలల వలె పైకి పొడుచుకొని ఉన్నవి. ఉప్పు బురదలో గాలి అందదు గనుక ఆ చెట్లు వేళ్ళను పైకి పంపి ఊపిరి తీసుకుంటాయట. తిల్ల చెట్టు పాలు కంటిలో పడితే చూపుకు ప్రమాదమని దారి చూపే మనిషి పిల్లలను దూరముగా నడిపించాడు. ఈ అడవిలో నీటికుక్కలు, చేపలు పట్టి తినే బావురు పిల్లులు ఉన్నవి. మాకు మాత్రము కొంగలు, పీతలు, బురద మీద గెంతే చిన్న చేపలు కనబడినవి. పిల్లలకు అవే చాలినవి.

పెద్దయ్య వంగి ఆ నల్లని బురదను వేలితో తాకి చూచారు. మన బొగ్గు కూడా ఒకప్పటి చిత్తడి అడవులే, అవి ఉప్పు నీటి మడలు కావు గాని, బురదలో పడిన చెట్ల మీద ఇసుక, మన్ను కప్పుకొనగా కోటానుకోట్ల ఏండ్లకు బొగ్గు అయినదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురని మేము పిల్లలకు వివరించాము. పెద్దయ్య తల ఊపి, "అందుకే బొగ్గు మీద రూఫంత ఇసుకరాయే ఉంటది" అన్నారు. మేము పుస్తకములో చదివినది ఆయన దీపము వెలుగులో చూచి ఎరుగుదురు.

నేడు కోరంగి చిన్న ఊరు. ఒకప్పుడు పెద్ద రేవు. ఇక్కడ ఓడలు కట్టేవారు. ఇక్కడినుండి ఓడలెక్కి బర్మా వెళ్ళిన తెలుగువారికి అక్కడ కొరంగీలు అనే పేరే స్థిరపడినది. అటువంటి రేవు 1789లోను, 1839లోను వచ్చిన తుపానులకు కొట్టుకొనిపోయినది. కలకత్తాలో ఉండి ఇటువంటి తుపానులను పరిశీలించిన హెన్రీ పిడ్డింగ్టన్ అనే ఆయన 1840లలో వీటికి సైక్లోన్ అని పేరు పెట్టాడు. చుట్టలు చుట్టుకొన్న పామును తలచి గ్రీకు భాషలోనుండి తీసిన మాట అది.

రెండవ దినము వేకువనే జెట్టీకి వెళ్ళాము. నీరు పోటు మీద ఉన్నప్పుడే బోటు సులువుగా సాగుతుందని ముందురోజే చెప్పారు. గంటకు దగ్గరగా ప్రయాణము. కాకినాడ అఖాతములో నీరు చెరువు వలె నిలకడగా ఉన్నది. సముద్రమంటే అలలుంటాయని విన్న పిల్లలు, "ఇది సముద్రమేనా?" అని నిరుత్సాహపడ్డారు. బోటు నడిపే అన్న నవ్వి, దూరాన నీటి మీద సన్నని గీత వలె కనబడుతున్న నేలను చూపించి, "అదిగోనండి, ఆ దీవి అడ్డుంది కాబట్టి ఇక్కడ అలలు లేవు. అవతల ఒడ్డున చూద్దురు గాని" అన్నాడు.

హోప్ ఐలాండ్ దాదాపు పదహారు కిలోమీటర్ల పొడవున్న ఇసుక నాలుక. వెడల్పు బహు తక్కువ. దీని వయస్సు ఎంతో కాదు, రెండు వందల ఏండ్లకు కొంచెము అటూ ఇటూ. గౌతమి పాయ సముద్రములో వదిలిన ఇసుకను అలలు తీరము వెంబడి ఉత్తరముగా నెట్టుకొనిపోయి, ఏటేటా కొంచెము కొంచెముగా పేర్చినవి. అలా కొండ లేదు, బండ లేదు, ఇసుక మాత్రమే ఉన్న నేల ఒకటి తయారైనది. దీపస్తంభము, సరుగుడు చెట్లు, అడవి తీగెలు, ఒక చిన్న జాలరి పల్లె. దాని మాటున కాకినాడ ఓడరేవు ఉన్నది.

దిగగానే పెద్దయ్య తన జేబులోనుండి అగ్గిపెట్టె తీశారు. అందులో నస్పూర్ దగ్గర గోదావరి ఇసుక ఉన్నది. మాకెవరికీ చెప్పకుండా తెచ్చుకున్నారు. అరచేతిలో ఒక పక్క అది, ఒక పక్క ఈ దీవి ఇసుక పోసి చూచారు. మనది ముతక, ఇది మెత్తన. మధ్యలో నల్లని చారలు, అక్కడక్కడ ఎర్రని రేణువులు. "నూరుకుంట నూరుకుంట వచ్చింది" అన్నారు. తరువాత బోటు అన్నను పిలిచి, "మేము గనిల ఇసుక నింపి పైకప్పు నిలబెడ్తిమి బిడ్డా. మీకేమో ఇసుకే గోడ అయ్యింది" అన్నారు.

"అవునండి పెద్దాయనా, ఇదే మా గోడ" అన్నాడతడు. "2004లో సునామీ వచ్చినప్పుడు కూడా ఇదే అడ్డుపడిందని మా పెద్దోళ్ళు అంటారండి." కొంతసేపు ఊరకుండి మరల అన్నాడు, "1996 నవంబరు ఆరున వచ్చిన తుపానుకి మా బాబాయి వేటకెళ్ళి ఉన్నాడండి. బోటూ రాలేదు, మనుషులూ రాలేదు. గోడ అవతలున్నోడికి గోడేం చేస్తదండి." ఆ రాత్రి కోనసీమ, కాకినాడ ప్రాంతములలో వెయ్యిమందికి పైగా చనిపోయిన సంగతి మాకు జ్ఞాపకమున్నది. ఆ తుపాను వార్త పత్రికలో చదివి మేము ప్రార్థన చేసి ఊరుకున్నవారమే. ఇప్పుడు ఆ ఇంటి మనిషి మా ఎదుట చుక్కాని పట్టుకొని నిలబడి ఉన్నాడు.

దీవి అవతలి ఒడ్డుకు నడిచాము. అక్కడ అలల మ్రోత వినబడినది, పిల్లలు పరుగు తీశారు. ఇంతలో ట్రాక్టరు తమ్ముడు గట్టిగా కేక వేశాడు. "అయ్యగారూ, ఈడ గూడ ట్రాక్టరు తిరిగింది!" వెళ్ళి చూస్తే నిజముగానే నీటి అంచు నుండి ఇసుక మీదికి టైరు గుర్తుల వంటి చారలు ఉన్నవి. బోటు అన్న పకపకా నవ్వాడు. అది రాత్రి గుడ్లు పెట్టుటకు వచ్చిన సముద్రపు తాబేలు నడిచిన జాడ.

ఆలివ్ రిడ్లీ అనే ఈ తాబేళ్ళు జనవరి మొదలు మార్చి వరకు ఇక్కడికి వస్తాయి. తల్లి తాబేలు ఇసుకలో గుంట త్రవ్వి నూరుకు పైగా గుడ్లు పెట్టి, పూడ్చి, వెనుదిరిగి చూడకుండా సముద్రమునకు వెళ్ళిపోతుంది. దాదాపు ఏడు వారములకు ఇసుక వేడికే పిల్లలు బయటికి వస్తాయి. ఇసుక ఎక్కువ వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువగా పుడతాయట. నక్కలు, కుక్కలు తవ్వి తినకుండా అటవీశాఖవారు గుడ్లను తీసి కంచె వేసిన చోట పూడ్చి కాపాడుతారు. కొంచెము దూరములో ఒక తాబేలు చనిపోయి పడి ఉన్నది. తాబేలు ఊపిరి తీసుకొనుటకు నీటి పైకి రావాలి. పెద్ద బోట్ల వలలలో చిక్కితే రాలేదు. పిల్లలు చాలాసేపు మాటలాడలేదు.

జాలరి పల్లెలో ఒక అమ్మ మా పిల్లలకు త్రాగుటకు నీళ్ళిచ్చింది. సముద్రము మధ్య మంచినీళ్ళు ఎంత విలువైనవో పెద్దలకు తెలుసు గనుక మాకు సిగ్గు కలిగింది. మా పిల్లలలో ఒకడు, సండే స్కూలులో ఎప్పుడూ ముందు కూర్చునేవాడు, ఆమెను అడిగాడు, "అమ్మా, ఇసుక మీద ఇల్లు కట్టొద్దంటరు గదా, మరి మీరెందుకు కట్టిండ్రు?" మాకు నోట మాట రాలేదు. ఆ ఉపమానము వానికి నేర్పినది మేమే. ఆమె మాత్రము కోపపడలేదు. "మాకు రాయెక్కడుంది నాన్నా? మాకు దేవుడిచ్చింది ఇసుకే. అది ఉన్నన్నాళ్ళు ఉంటాం" అన్నది.

ఇసుకను సముద్రమునకు హద్దుగా పెట్టిన సంగతి యిర్మీయా గ్రంథము అయిదవ అధ్యాయములో ఉన్నది. దానిమీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము గాని, ఆ హద్దు మీద కాపురముండే కుటుంబమును చూచుట అదే మొదటిసారి.

తిరిగి వచ్చేటప్పుడు పిల్లల సంచులలోని గవ్వలన్నీ ఒడ్డున పోయించాము. పెద్దయ్య తన అగ్గిపెట్టెలో మిగిలిన నస్పూర్ ఇసుకను కూడా అక్కడే వదిలి, ఖాళీ పెట్టెను జేబులో వేసుకున్నారు.

మూడవ దినము ఉత్తరముగా ఉప్పాడ వెళ్ళాము. జాంధానీ చీరలకు పేరుపొందిన ఊరు అది. ఆ ఊరికి ఇసుక దీవి చాటు లేదు. సముద్రము ఏండ్ల తరబడి ఇండ్లను, గుడులను, రోడ్డును కోసుకొంటూ వచ్చినది. రోడ్డు అంచున పెద్ద పెద్ద బండలు పోసి ఉన్నవి, అయినా అలలు వాటి మీదుగా రోడ్డు మీద పడుతున్నవి. ఒక ముసలాయన నీటిలోనికి చేయి చూపి, "మా ఇల్లు అదిగో అక్కడుండేదండి" అన్నాడు. ఆయన చూపిన చోట అల తప్ప ఏమీ లేదు.

ఇదంతా ఎందుకు జరుగుతున్నది? కారణములు అనేకము. తుపానులు ఉన్నవి, సముద్రమట్టము పెరుగుట ఉన్నది, తీరమున కట్టిన కట్టడములు ఉన్నవి. మరియొకటి, నది తెచ్చే ఇసుక, ఒండ్రు తగ్గిపోవుట. 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేదనీ, 1990లలో అది 6 కోట్ల టన్నులకు లోపే అయినదనీ పరిశోధకులు లెక్క కట్టారు. పైన కట్టిన ఆనకట్టల వెనుక అది నిలిచిపోవుటే దానికి ముఖ్య కారణమని వారు చెప్పారు. ఆ ఆనకట్టలు మన పొలములకు, మన గనులకు, మన కుళాయిలకు నీరిస్తున్నవి. వాటిని తప్పుపట్టి మాటలాడుట సులువు కాదు. నస్పూర్ ట్రాక్టరు వలన ఉప్పాడ ఇల్లు కూలినదని కూడా మేము అనము, అది సత్యము కాదు. కాని నది ఇచ్చే ఇసుక తగ్గుచున్న కాలములో, ఉన్న ఇసుకను లెక్క లేకుండా తీయుట వేరు సంగతి. మా ఊరిలోనే నది ఒడ్డు బావులలో నీరు దిగిపోవుట మేము ఎరుగుదుము.

ఆ రాత్రి తిరుగు రైలులో ట్రాక్టరు తమ్ముడు మా పక్కకు వచ్చి కూర్చున్నాడు. కాకినాడ కాజాల పొట్లము చేతిలో ఉన్నది గాని విప్పలేదు. మేమే అడిగాము, మందిరమునకు పోసిన ఆరు ట్రాక్టర్లకు చీటీ ఉన్నదా అని. అతడు తల వంచుకున్నాడు. "లేదు అయ్యగారూ. రాత్రిపూట తెచ్చినవే. ట్రాక్టరు మీద బ్యాంకు కిస్తీ ఉన్నది. నేను మానితే ఇంకొకడు తీస్తడు గదా" అన్నాడు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఎందుకనగా ఇసుక పోసిన నాడు ఆ ప్రశ్న మేము అడగలేదు. కానుక అనగానే చేతులు చాచాము. రాత్రి రెండు గంటలకు ట్రాక్టరు శబ్దమునకు మెలకువ వచ్చికూడా, తెల్లవారి స్తోత్రము చెప్పాము. తప్పు అతడు ఒక్కడు చేసినది కాదు.

ఊరు చేరిన తరువాత సంఘ పెద్దలతో కూర్చున్నాము. మిగిలిన ఆరు ట్రాక్టర్ల ఇసుకను డబ్బు కట్టి, చీటీతోనే తెచ్చుకొనవలెనని, అంతవరకు వరండా పని ఆపవలెనని తీర్మానించాము. కొందరికి నచ్చలేదు. వానలు వచ్చేలోగా పైకప్పు పడదని అన్నారు, అది నిజమే. ట్రాక్టరు తమ్ముడు మాతో ఇంకా మునుపటి వలె మాటలాడుట లేదు. ఆదివారము మాత్రము మానలేదు. క్రిందటి వారము అనుమతి ఉన్న రేవులో తోలుటకు పేరు నమోదు చేయించుకొనుట ఎట్లని పెద్దయ్యను అడిగాడట. కిస్తీ సంగతి ఎలా తీరుతుందో మేమూ ఆలోచించవలసి ఉన్నది.

పాఠకులలో ఎవరైనా హోప్ ఐలాండ్ వెళ్ళదలిస్తే చలికాలములో వెళ్ళండి. పోటు వేళ అడిగి తెలుసుకొని బోటు మాట్లాడుకొనండి. దీవిలో అంగళ్ళు ఉంటాయనుకోవద్దు. త్రాగునీరు, తిండి మీరే తీసుకొని వెళ్ళండి, ఆ పల్లెవారి కుండ మీద ఆధారపడకండి. ప్లాస్టిక్ కాగితము ఒక్కటి కూడా అక్కడ విడువకండి. తాబేలు జాడ కనబడితే ప్రక్కనుండి నడవండి, త్రవ్వి చూడకండి.

మా మందిరము ముందు ఆ ఆరు ట్రాక్టర్ల ఇసుక కుప్ప ఇంకా ఉన్నది. సాయంకాలము పిల్లలు దాని మీద ఎక్కి ఆడుకుంటారు. దానిలో కాలువలు తీసి, కొసన ఒక దిబ్బ పోసి, దానికి హోప్ ఐలాండ్ అని పేరు పెట్టుకున్నారు. ప్రశ్న అడిగిన ఆ పిల్లవాడు ఆ దిబ్బ మీద పుల్లలతో ఒక ఇల్లు కట్టి, ఎవరూ త్రొక్కకుండా కావలి కాస్తున్నాడు.